తుపాకీకి సైలెన్సర్ ఉంది, జనరేటర్‌కీ ఉంది. మన చెవులకేదీ?

పోస్ట్ కొంచెం పెద్దది, టీ తాగుతూ అయినా పూర్తిగా చదవండి.

ఈమధ్య మన రూముల్లో కుర్రాళ్లు ఒకటే తుపాకీ రీల్స్ చూస్తున్నారు. పొట్టి రైఫిల్, దాని ముందు లావుపాటి సైలెన్సర్. కాలిస్తే సినిమాలో లాగా "టుప్" అంటుందని అనుకుంటున్నారు. అది ఉత్తమాట. గొట్టం పొట్టిదైతే మందు పూర్తిగా కాలకముందే తూటా బయటికొచ్చేస్తుంది. లోపలున్న గ్యాసు ఒత్తిడి అంతా మూతి దగ్గరే పేలుతుంది. అందుకే పొడుగుదాని కంటే పొట్టిదానికే మోత ఎక్కువ. సైలెన్సర్ ఆ గ్యాసును అరల్లో ఆపి, చల్లార్చి, మెల్లగా వదులుతుంది, అంతే. 160 డెసిబెల్స్ మోతలో 25, 30 తగ్గినా ఇంకా 130 ఉంటుంది. తూటా గాలిని చీల్చే చప్పుడు దానికి అసలు అందదు. తెలిసినవాళ్లు సైలెన్సర్ ఉన్నా చెవులు మూసుకునే కాలుస్తారు.

ఇంకో సంగతి. మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్‌కి ఆ మోతలతోనే చెవుడొచ్చింది. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ తుపాకీ సైలెన్సర్‌కి 1909లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ఇంజన్లకూ సైలెన్సర్లు చేశాడు. ఇనుముకి ఇంత మర్యాద జరిగింది. మరి మనిషికి?

కువైట్‌లో లైసెన్సు లేని తుపాకీ జోలికి పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, సెంట్రల్ జైలు మన సులైబియాలోనే ఉంది. కానీ మన చేతుల్లో వేరే తుపాకీ ఉంది. కాంక్రీట్లోకి మేకు కొట్టే గన్‌లో పేలేది కూడా చిన్న తూటానే. ఇక బ్రేకర్ సంగతి. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండొచ్చని లెక్క. 3 పెరిగితే టైమ్ సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి గంట, 97కి అరగంట, 100కి 15 నిమిషాలు. బ్రేకర్ సుమారు 100 కొడుతుంది. మనోళ్లు పొద్దున పట్టుకుంటే అన్నం టైమ్ దాకా వదలరు!

"అలవాటైపోతుందిలే" అంటారు. చెవికి అలవాటు అనేది లేదన్నా. లోపలున్న సన్నటి కణాలు చస్తాయి, మళ్లీ మొలవవు. మోత తగ్గినట్టు అనిపిస్తే చెవి పోతున్నట్టు. "ప్లగ్గు పెడితే ఫోర్‌మన్ పిలుపు వినపడదు" అంటారు. బ్రేకర్ ఆడుతుంటే ఎటూ వినపడదు. చెయ్యూపి సైగ చేస్తే ఎవరి సొమ్ము పోతుంది? కొందరు దూది పెట్టుకుంటారు, దాంతో పనవ్వదు.

"కంపెనీ ఇవ్వదు, ఖల్లీ వల్లీ" అనేవాళ్లకి ఒక మాట. 2010 నాటి 6వ నంబర్ లేబర్ చట్టం ప్రకారం రక్షణ సామాను ఇవ్వాల్సింది యజమాని, దానికి జీతంలో కోత పెట్టకూడదు. జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు ఎండలో పని నిషేధం. అది మనందరికీ తెలుసు, అందుకే ఎవడైనా పని చేయమంటే అడుగుతున్నాం. ఎండ కనపడుద్ది, చప్పుడు కనపడదు. అందుకే ఎవరూ అడగట్లేదు.

సూపర్‌వైజర్లం మేం ముందు అడగాలి. ప్లగ్గు లేనివాడి చేతికి బ్రేకర్ ఇవ్వం అని మనమే అనాలి. పెట్టే పద్ధతి ఇది: స్పాంజి ప్లగ్గుని వేళ్లతో సన్నగా నలపండి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి దూర్చండి, ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టుకోండి.

అప్పు తీర్చి, ఇల్లు కట్టి ఊరెళ్తాం. ఆ ఇంట్లో మనవడు "తాతా" అని పిలిస్తే పలకాలి కదా! మీ సైటు గ్రూపులో షేర్ చేయండి. రేపు పని మొదలుపెట్టే ముందే స్టోర్ దగ్గర నలుగురూ కలిసి అడగండి. ఒక్కడు అడిగితే గొణుగుడు, నలుగురు అడిగితే మాట.