ఏసీ ఉంది, గాలే లేదు

యూనివర్సిటీలో తరగతి గదికి స్ప్లిట్ ఏసీ బిగించగానే సౌకర్యం సమకూరిందని మురిసిపోతున్నాం. నిజానికి గాలి కరవు అక్కడే మొదలవుతోంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్నదాన్నే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి కూడా గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. చల్లదనం పోకుండా కిటికీ సందులకు టేపు అంటించిన గదిలో అరవై మందిని కూర్చోబెడితే, ఆరుబయట 420 పీపీఎం కాస్త దాటి ఉండే ఆ వాయువు పీరియడ్ ముగిసేలోపే వెయ్యి దాటేస్తుంది. మధ్యాహ్నం క్లాసులో ఆవలింతలన్నిటికీ హాస్టల్ పప్పన్నాన్నే ఆడిపోసుకోవడం అన్యాయం. ఆ అంకె పెరిగిందంటే ఒకరు వదిలిన ఊపిరే ఇంకొకరు పీలుస్తున్నారని లెక్క. ఒకరి జలుబు బెంచీలన్నీ చుట్టిరావడానికి అంతకంటే మంచి దారి లేదు. ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే సరిపోతుందంటారా? అది దుమ్మును పట్టగలదు గానీ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించలేదు. రోడ్డు పక్క భవనాల్లో కిటికీ తీస్తే పొగ, ధూళి లోపలికొస్తాయన్నది నిజమే; అక్కడ ఫిల్టరు వేసి బయటి గాలిని లోపలికి నెట్టే ఫ్యాన్లు పెట్టాలి. మిగతా చోట్ల ఒక కిటికీ, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. యూనివర్సిటీల నాణ్యతను తేల్చే న్యాక్ మదింపు దగ్గరపడిందంటే గోడలకు రంగులేయించే అధికారులు ముందు ప్రతి క్లాసులో ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టించాలి. అంకె వెయ్యి దాటితే కిటికీ తెరవడం ఎవరి బాధ్యతో దాని పక్కనే రాసిపెట్టాలి.