తీరిక కూడా మన హక్కే

"ఇద్దరు ఆడవాళ్ళు ఒంటరిగా అంత దూరం ఏం పోతారు?"

ఈ ప్రశ్న మమ్మల్ని ఒకరు కాదు, నలుగురు అడిగారు. అన్నయ్య అడిగాడు. మేనమామ అడిగాడు. పక్క వాటాలో ఉండే పెద్దాయన అడిగాడు. చివరికి ఊరు చేరాక లాడ్జి కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రాడు కూడా అడిగాడు. ఇద్దరు మగవాళ్ళు కలిసి వెళ్తే 'స్నేహితులు'. ఒక మగ, ఒక ఆడ వెళ్తే 'ఫ్యామిలీ'. తల్లీకూతుళ్ళు వెళ్తే మాత్రం 'ఒంటరి'! ఒకటీ ఒకటీ కలిస్తే రెండు అవడానికి కూడా అందులో ఒకటి మగవాడై ఉండాలన్నమాట.

మేం వెళ్ళింది పక్షుల్ని చూడడానికి. అరవై ఆరేళ్ళ మా అమ్మ, నలభై దాటిన నేను. ఫాల్గుణ మాసం, ఎండ ఇంకా ముదరని రోజులు. సికింద్రాబాదులో రాత్రి రైలెక్కి తెల్లవారుజామున గూడూరులో దిగాం. అక్కణ్ణించి బస్సులో సూళ్ళూరుపేట. నేలపట్టులో గూడబాతులు, పులికాట్ సరస్సులో రాజహంసలు. మూడు రోజులు. అంతే సంగతి.

హక్కుల పత్రికలో ఈ షికారు కబుర్లేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. వరకట్నపు చావులు ఆగలేదు, ఇంట్లో దెబ్బలు ఆగలేదు, మధ్యలో ఈ పిట్టలేమిటి అని. నిజమే, ముందు బతకాలి. కానీ బతకడమంటే చావకుండా ఉండడమేనా? ఆడదాని ఒంటి మీద దెబ్బ పడకపోతే చాలు, ఆమె రోజంతా ఎవరి చేతుల్లో ఉన్నా ఫరవాలేదా? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

మా నాన్న రైల్వేలో పనిచేశాడు. 1966లో దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడ్డాక మెట్టుగూడ, లాలాగూడ ప్రాంతాల్లో రైలు కూతల మధ్య పెరిగిన వేల కుటుంబాల్లో మాదీ ఒకటి. ఏటా ఇంటిల్లిపాదికీ పాసులు వచ్చేవి. నాన్న తన పాసు మీద ఢిల్లీ చూశాడు, కన్యాకుమారి చూశాడు. అమ్మ కూడా తిరిగింది. ఎక్కడెక్కడికి తిరిగావమ్మా అని రైల్లో అడిగితే వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. చెల్లెలి పురిటికి కాజీపేట. అత్తగారి ఆపరేషనుకు గుంటూరు. ఆడపడుచు కూతురి పెళ్ళికి విజయవాడ. మొక్కు తీర్చడానికి రెండుసార్లు తిరుపతి, అదీ ఇదే గూడూరు మీదుగానే. "తిరుపతిల ఏం జూసిన బిడ్డా? లైన్ల నా ముందట నిలబడ్డోళ్ళ వీపులు జూసిన" అంది.

గమనించండి. పురుడు, రోగం, పెళ్ళి, చావు, మొక్కు. ఆడది గడప దాటడానికి మన సమాజం ఒప్పుకునే కారణాలు ఈ అయిదే. మొదటి నాలుగూ చాకిరీ, అయిదోది పుణ్యం. ఆ పుణ్యమూ తన కోసం కాదు, మొగుడి ఆయుష్షు కోసం, పిల్లల చదువు కోసం. కారణం లేకుండా, ఊరికే, తన కళ్ళకు నచ్చినదాన్ని చూడడానికి వెళ్ళే ఆడదాన్ని 'తిరుగుబోతు' అంటారు. అదే పని చేసిన మగవాడు 'లోకం చూసినవాడు'. ఒకే కాళ్ళు, ఒకే రోడ్డు. మాట మాత్రం రెండు రకాలు.

ఇప్పుడు అమ్మ చేతిలో ఉన్నది విడో పాస్. నలభై ఏళ్ళు ఆమె పేరు నాన్న పాసులో ఒక వరుస. ఆయన పోయాకే తన పేరు మీద ఒక ప్రయాణపు కాగితం వచ్చింది. అది కూడా ఆమె ఎవరి భార్యో, ఆయన లేడనీ చెప్పే కాగితమే!

పక్షులు మా అమ్మకు కొత్త కాదు. గోరింక, చెమురుకాకి, తీతువు గొంతులు వంటింట్లోంచే గుర్తుపడుతుంది. తీతువు అరిస్తే అపశకునం అంటారు. బొట్టులేని ఆడది ఎదురొచ్చినా అదే మాట అంటారు. అందుకేనేమో తీతువంటే తనకు జాలి. కానీ పాలపిట్ట సంగతి వేరు. తెలంగాణకు అది రాష్ట్ర పక్షి. దసరా నాడు దాన్ని చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని నమ్మకం. మా ఇంట్లో ప్రతి దసరాకూ నాన్న, అన్నయ్య కొత్త బట్టలు కట్టుకుని ఊరి బయటికి పాలపిట్టను చూడడానికి పోయేవారు. జమ్మి ఆకు పట్టుకుని తిరిగొచ్చేసరికి వేడివేడి గారెలు సిద్ధంగా ఉండాలి. అమ్మ నూనె మూకుడు ముందు ఉండేది. మంచి జరగాలంటే ఒకరు పిట్టను చూడాలి, ఒకరు గారెలు వేయాలి. ఎవరు ఏది చేయాలో ఎవరూ ఎప్పుడూ చర్చించలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ అనుకుంటే పొరపాటు. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా జనం రోజును ఎలా గడుపుతున్నారో లెక్క తీసింది. కూలి లేని ఇంటిపనిలో పాల్గొనే ఆడవాళ్ళు నూటికి 81 మంది, మగవాళ్ళు నూటికి 26 మంది. ఆ పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే, చేసే ఆ కొద్దిమంది మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్కిస్తే ఆడవాళ్ళ సమయం 289 నిమిషాలైంది. అయిదేళ్ళలో పది నిమిషాలు తగ్గింది. సంతోషిద్దామంటే మగవాళ్ళదీ 88కి తగ్గింది! పిల్లల్ని, ముసలివాళ్ళను చూసుకునే పని ఈ లెక్కలో లేదు, అది వేరే పద్దు.

పని గంటలు ఎనిమిదే ఉండాలని, మిగిలిన కాలం తమదని 1886లో షికాగో కార్మికులు రక్తం చిందించారు. ఆ రోజును మనం ఏటా మే డేగా జరుపుకుంటాం. ఆ మీటింగు నుంచి ఇంటికి వచ్చే కామ్రేడ్‌కు అన్నం వడ్డించే ఆమెకు మే డే ఎప్పుడు?

ఇక ప్రయాణం సంగతి. మేం అడిగిన మొదటి లాడ్జిలో గది ఇవ్వలేదు. "జెంట్స్ ఎవరూ లేరా?" అన్నాడు. లేరన్నాం. ఖాళీలు కూడా లేవన్నాడు. మా వెనకే వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకు మా కళ్ళ ముందే తాళంచెవి ఇచ్చాడు. మరో చోట దొరికింది కాబట్టి సరిపోయింది. దొరకకపోతే ఆ రాత్రి మేం పడే అవస్థకు 'చెప్పామా, వద్దని' అనేవాళ్ళు సిద్ధంగానే ఉన్నారు. దారులు మూసేది ఒకరు, మూసిన దారి చూపించి బుద్ధి చెప్పేది మరొకరు.

నేలపట్టు దొరవారిసత్రం మండలంలో చిన్న ఊరు. ఆ చెరువు 1976లో పక్షుల అభయారణ్యమైంది. నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు బలమని ఊరివాళ్ళు తరతరాలుగా వాటిని కాపాడుతున్నారు. అక్కడ అమ్మ గంటన్నర సేపు కదలకుండా కూర్చుంది. ఒక గూడబాతు వచ్చి వాలితే గూట్లో ఉన్నది లేచి ఎగిరిపోయింది. "డ్యూటీ మారిన్రు" అంది రైల్వే ఉద్యోగి భార్య. నిజమే. గూడబాతుల్లో ఆడా మగా వంతులవారీగా గుడ్లు పొదుగుతాయి, ఇద్దరూ పిల్లలకు మేత పెడతాయి. తామరాకుల మీద నడిచే జకానా పక్షిలోనైతే గుడ్లు పొదిగేది మగదే. పిట్టల నుంచి మనం నీతులు నేర్చుకోవాలని నేననను. కానీ 'పిల్లల పెంపకం ఆడదానికి ప్రకృతి ఇచ్చిన ధర్మం' అని ఉపన్యసించే పెద్దలు ఆ ప్రకృతి కేసి ఒకసారి తలెత్తి చూస్తే బాగుంటుంది.

మర్నాడు పులికాట్. మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది. పక్కనే లోతులేని నీళ్ళలో గులాబీ రంగు రాజహంసలు వందలుగా మేస్తున్నాయి. అమ్మ బైనాక్యులర్స్ దించలేదు. కాసేపటికి గమనిస్తే, కార్లు ఆపుకున్న మగవాళ్ళు పక్షుల్ని వదిలేసి అమ్మను చూస్తున్నారు, నవ్వుకుంటున్నారు. చూడబడడానికి అలవాటు పడ్డ ఆడది తానే చూడడం మొదలుపెడితే అంత వింత! 1931లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేసిన సలీం అలీ మనకు తెలుసు. ఆ సర్వేలో ఆయన వెంట తిరిగిన భార్య తెహ్మినా పేరు ఎంతమందికి తెలుసు? 1970లో పిల్లల కోసం పక్షుల పుస్తకం రాసిన జమాల్ ఆరా పేరు ఎంతమంది విన్నారు?

పదకొండు గంటలకు అమ్మకు కళ్ళు తిరిగాయి. నీళ్ళ సీసా తెరిచి కూడా లేదు. ఎందుకు తాగలేదని కసిరితే మెల్లగా అంది, "తాగితే ఏడికి పోవాలె బిడ్డా?" ఆ దారిలో మేం ఆగిన చోటల్లా మగవాళ్ళు సరస్సు వైపు తిరిగి నిలబడుతూనే ఉన్నారు. ఆమె మాత్రం తెల్లవారినప్పటి నుంచి గొంతు తడుపుకోలేదు. బడికి పోయే ఆడపిల్ల, బజారులో కూరగాయలమ్మే ఆమె, బస్సులో పోయే ఉద్యోగిని అందరూ చేసేది ఇదే. దీనికి మనం పెట్టుకున్న పేరు 'సిగ్గు'. నిజానికి అది శిక్ష.

ఆదుకున్నది ఒడ్డున రొయ్యలు పడుతున్న ఒక యానాది స్త్రీ. నడుము లోతు నీళ్ళలో వంగి, అడుగున చేతులతో తడిమి రొయ్యలు పట్టి, పళ్ళతో కరిచిపట్టిన బుట్టలో వేసుకుంటోంది. మమ్మల్ని చూసి పైకొచ్చింది. "యేందమ్మా, ఎండ తగిలిందా?" సంగతి చెప్పాను. తన గుడిసె వెనక తాటాకు దడి దగ్గరికి అమ్మను తీసుకుపోయింది. తర్వాత ఇద్దరూ గట్టు మీద కూర్చుని నీళ్ళు తాగారు. అమ్మ ఆమె చేతికి బైనాక్యులర్స్ ఇచ్చింది. "దగ్గరికొచ్చేసినాయే!" అని నవ్వింది. "పుట్టినకాడ్నించీ ఈణ్ణే ఉండా. ఇట్టా చూసింది ల్యేదు. మీరు చూడను వస్తారు. మాకు వంగిన నడుము లేస్తే గదమ్మా పిట్టలు కనపడేది."

ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. 1970 ప్రాంతంలో శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు అక్కడి యానాదులు ఉన్న చోటు విడిచి పోవలసి వచ్చింది. 2001 నుంచి సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ పేరుతో ఉత్సవాలు జరుగుతున్నాయి. పక్షులకు పండుగ ఉంది, యాత్రికులకు పండుగ ఉంది. నీళ్ళలో వంగిన నడుముకు సెలవు లేదు. కాబట్టి తీరిక అంటే జీతం ఉన్న మధ్యతరగతి ఆడవాళ్ళ సరదా అని నేను వాదిస్తే అది సగం వాదమే. మా అమ్మ తీరికను మింగింది వంటిల్లు. ఆమె తీరికను మింగింది వంటిల్లూ, ఆకలీ కలిసి. ఇద్దరిదీ ఒకే హక్కు. ఆమెది ఇంకా దూరంగా ఉంది, అంతే.

ఇది నేను కొత్తగా కల్పించిన హక్కు కాదు. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటనలో 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ ప్రతి మనిషి హక్కుగా రాసింది. స్త్రీల పట్ల వివక్షను నిర్మూలించే అంతర్జాతీయ ఒప్పందం 13వ అధికరణం వినోదంలో, ఆటల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే సమాన హక్కు ఇచ్చింది. దాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలోని ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. వెంటనే 'ఆడవాళ్ళు ఊరికే తిరుగుతున్నారు' అని ఎగతాళి మొదలైంది. అవును, తిరుగుతాం. ఊరికే తిరగడం కూడా మన హక్కే. అయితే టికెట్టు లేకపోతే సరిపోదు. బస్సు దిగిన చోట మరుగుదొడ్డి కావాలి. మగతోడు లేకుండా గది ఇవ్వాలి. పక్షుల్ని చూపించే గైడు పనుల్లో అక్కడి ఆడవాళ్ళకు మొదటి వంతు కావాలి. అన్నిటికన్నా ముందు, ఆమె లేని మూడు రోజులు ఇంట్లో పొయ్యి వెలిగించే మగవాడు కావాలి.

మేం తిరిగొచ్చేసరికి అన్నయ్య హోటలు భోజనంతో చిక్కిపోయానన్నాడు. అమ్మ జాలిపడలేదు. "ఈ దసరాకు పాలపిట్టను జూడ నేను గూడ పోత. గారెలు మీరు చేయుండ్రి" అంది.

మీ అమ్మను కూడా ఒకసారి అడగండి. పురుడూ పెళ్ళీ చావూ మొక్కూ కాకుండా, ఊరికే చూడడానికి ఎక్కడికి పోవాలని ఉందో. వెంటనే జవాబు రాకపోవచ్చు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు కదా. ఆలోచించుకోవడానికి కొంచెం తీరిక ఇవ్వండి.