పొలిమేర రాయి

పిల్లలూ! ఇంగ్లండు పటం తీసి, దాదాపు నడుమ డెర్బీషైరు ఎక్కడున్నదో వెతకండి. అక్కడి కొండల్లో ఒక పల్లె ఉన్నది. దాని పేరు రాసేదొక తీరు, పలికేదొక తీరు. మనం 'ఈమ్' అందాం. ఊరికి ఉత్తరాన గరుకు ఇసుకరాతి కొండ, దక్షిణాన సున్నపురాయి లోయలు. సీసం తవ్వడం, గొర్రెలు మేపడం పూర్వం అక్కడివారి వృత్తులు.

ఒక చర్చీ, దానికింది ఇళ్ళూ, పొలాలూ కలిస్తే వాళ్ళ లెక్కలో ఒక 'పారిష్'. అక్కడ ఎవరిని సమాధి చేసినా చర్చి పుస్తకంలో రాస్తారు. కనుకనే ఈ కథ మనదాకా వచ్చింది.

1665లో లండను నగరాన్ని ప్లేగు పీడిస్తున్నది. అక్కడినుంచి ఈమ్‌లోని దర్జీకి బట్టల మూట వచ్చింది. చెమ్మగా ఉన్నదని పనివాడు జార్జి వికర్స్ దాన్ని విప్పి, మంట దగ్గర ఆరవేశాడట. సెప్టెంబరు 7న అతన్ని సమాధి చేశారు. మూటలో చేరివచ్చిన పురుగులే ఆ జబ్బును మోసుకొచ్చాయని ఆనాడు ఎవరికి తెలుసు? ప్లేగు క్రిమిని యెర్సిన్ కనిపెట్టింది 1894లో గదా!

చలికాలంలో కాస్త తగ్గిన జబ్బు 1666 వేసవిలో విజృంభించింది. జనం పారిపోదామనుకున్నారు. ఊరి పాదిరి మాంపెసన్‌కూ, అంతకుముందు పాదిరిగా ఉన్న స్టాన్లీకీ మత విషయాల్లో పొత్తు కుదరదు. అయినా ఇద్దరూ ఒక్కటై, "మనం కదిలితే జబ్బు పొరుగూళ్ళకు పోతుంది. ఎవరూ పొలిమేర దాటవద్దు," అని నచ్చజెప్పారు. జనం ఒప్పుకున్నారు. మాంపెసన్ మాత్రం తన పిల్లలిద్దరినీ ముందే దూరం పంపేశాడు. అది తప్పా, కాదా? ఇంట్లో పెద్దలతో వాదించి చూడండి.

చర్చి మూసేశారు. లోయలో, ఆరుబయట, దూరదూరంగా నిలబడి ప్రార్థనలు చేశారు. పొరుగువారు పొలిమేర రాయి దగ్గర తిండి పెట్టి వెళ్ళేవారు. ఆ రాతి గుంటల్లో వెనిగర్ పోసి, వీరు అందులో నాణేలు వేసేవారు. డెవన్‌షైరు ప్రభువు కూడా ఆహారం పంపాడు.

ఎవరి మృతులను వారే పాతిపెట్టుకోవాలి. ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనూ, ఆరుగురు బిడ్డలనూ తన చేతులతోనే పూడ్చింది. అదే నెలలో మాంపెసన్ భార్య కేథరిన్ చనిపోయింది. నవంబరుకు జబ్బు ఆగింది. అప్పటికి సుమారు 260 మంది పోయారు. చుట్టుపక్కల ఊళ్ళు మాత్రం బతికాయి.

గుంటలున్న ఆ రాయి ఈమ్‌కూ స్టోనీ మిడిల్‌టన్‌కూ మధ్య పొలాల్లో ఇప్పటికీ ఉన్నది. చూడవచ్చినవాళ్ళు ఆ గుంటల్లో నాణేలు వేసి పోతుంటారు.