లెక్క తేలకముందే ప్రవచనాలా?

2024 నవంబర్ 6, బుధవారం. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే మన సంఘ యువకులు ఆ ఉదయం ముందుగా తెరిచింది మెయిల్ కాదట, అమెరికా మ్యాపు. అక్కడి మంగళవారం రాత్రి మనకు బుధవారం పగలు. సాయంత్రం 4 గంటల వేళ డొనాల్డ్ ట్రంప్ గెలిచారని అసోసియేటెడ్ ప్రెస్ ప్రకటించింది. తుది లెక్కలో ట్రంప్‌కు 312 ఎలక్టోరల్ ఓట్లు, కమలా హారిస్‌కు 226.

అంతకుముందు వారాల్లో మన కూడికల్లో ఏం జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ప్రభువు తనకు హారిస్‌ను చూపించాడని ఒక ఇంటి ప్రార్థనలో ఒకరు చెప్పారు. మరో కూడికలో మరొకరికి ట్రంప్ కనబడ్డారు. ఇద్దరూ ప్రభువు పేరే వాడారు. ఫలితం వచ్చాక ఒకరు సాక్ష్యం చెప్పారు, రెండోవారు ఊరుకున్నారు. ఊరుకున్నవారిని ఎవరూ ఏమీ అడగలేదు. మేమూ అడగలేదు, ఆ తప్పు మాది కూడా.

సర్వేలవాళ్లు ఈ విషయంలో మనకంటే నయం. అయోవాలో పేరున్న సర్వే నిపుణురాలు ఆన్ సెల్జర్ పోలింగ్‌కు మూడు రోజుల ముందు హారిస్ 3 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారన్నారు. అక్కడ ట్రంప్ సుమారు 13 పాయింట్లతో గెలిచారు. ఆమె తన లెక్కలను బయటపెట్టి తప్పెక్కడుందో వెతికారు. పదమూడు సూత్రాలతో జోస్యం చెప్పే ప్రొఫెసర్ అలన్ లిక్ట్‌మన్ కూడా హారిస్ అన్నారు, తర్వాత పొరబడ్డానని ఒప్పుకున్నారు. 2016లో ఫైవ్‌థర్టీఎయిట్ సంస్థ ట్రంప్ గెలుపు అవకాశం వందకు 29 అంది. వందకు 29 అంటే జరగదని కాదు. సాఫ్ట్‌వేర్ రాసే మన పిల్లలకు ఇది మనం చెప్పక్కర్లేదు, అయినా మందిరంలోకి రాగానే ఆ లెక్క మరచిపోతారు!

ఓట్ల లెక్కింపు సంగతి మరీ చూడదగ్గది. అక్కడ దేశమంతటి ఓట్లను లెక్కించే ఎన్నికల సంఘం లేదు. ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిదే. కాలిఫోర్నియాలో అది వారాల తరబడి సాగుతుంది. ఆ రాత్రి మనం చూసేది వార్తాసంస్థల అంచనా మాత్రమే. ఎలక్టర్లు డిసెంబరులో ఓటు వేస్తారు, జనవరి 6న కాంగ్రెస్ ఆ ఓట్లను లెక్కిస్తుంది. 2021లో అదే రోజున కాపిటల్ భవనం మీద దాడి జరిగింది. 2025లో అదే రోజున ఉపాధ్యక్షురాలి హోదాలో సభకు అధ్యక్షత వహించి, తన ఓటమిని తానే చదివి ప్రకటించారు హారిస్.

మనకూ ఇలాంటి ఉత్కంఠ ఒకటుంది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఇద్దరు తెలుగువారు తలపడ్డారు: కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్రుడిగా నిలిచిన వి.వి. గిరి. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. గెలవడానికి కావలసిన 4,18,169 ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. ఓటు విలువ లెక్కలో తేడా పదిహేను వేల లోపే. పార్టీ బలాన్ని బట్టి ముందే ఫలితం చెప్పినవారు కంగుతిన్నారు. ఓడిన రెడ్డి 1977లో పోటీ లేకుండా ఎన్నికయ్యారు. దాన్ని 1969లో ఎవరు ఊహించారు?

ఇక మన ఇళ్లను నిజంగా తాకిన సంగతి. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమని ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. గెలిచేవారి పేరు చెప్పిన ప్రవచనాల్లో ఈ మాట ఒక్కటీ లేదు. "మన వాళ్లకు దారి తెరుచుకుంది" అన్న మాట నమ్మి ఒక తమ్ముడు ఇక్కడి ఉద్యోగానికి ముందే రాజీనామా ఇచ్చేశాడు. ఇప్పుడు కొండాపూర్‌లో అద్దె గది, నెలనెలా వాయిదాలు. అతని తల్లి మాకు ఫోన్ చేసి అడిగింది: "అయ్యగారూ, ఆ మాట చెప్పినాయన్ని ఏమనాలి?" ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చివరి వచనాలు చదవమని చెప్పాము. ఆమె అప్పటికే చదివిందట.

2020లో ట్రంప్ తిరిగి గెలుస్తారని ప్రవచించిన అమెరికా బోధకుల్లో కొందరు బహిరంగంగా క్షమాపణ అడిగారు. వారిని తిట్టింది బయటివారు కాదు, వారి అనుచరులే. ఒప్పుకోవడం అంత ఖరీదైనది గనుకనే మన దగ్గర ఎవరూ ఒప్పుకోరు కాబోలు.

అక్కడ మళ్లీ అధ్యక్ష ఎన్నిక 2028 నవంబర్ 7న. ఫలితం తనకు తెలియజేయబడిందనే సహోదరులెవరైనా పేరు, తేదీ రాసి మా కార్యాలయానికి కవరులో పంపవచ్చు. లెక్కింపు ముగిసిన తర్వాతి సంచికలో, ఒప్పైనా తప్పైనా, పేరుతో సహా అచ్చు వేస్తాము.