కారు షోరూమ్‌లో క్లైమాక్స్!

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఓ పాఠకుడి వుత్తరం: "అన్నా! వుద్యోగం వచ్చింది. మా యింట్లో మొదటి కారు కొంటున్నాం. ఎల్.బి.నగర్ షోరూమ్‌లో ధర ఫిక్సుడు అంటున్నారు. నిజమేనా?"

సగం నిజం, తమ్ముడూ!

ఒకప్పుడైతే పూర్తి నిజమే. అంబాసిడర్‌కో, ప్రీమియర్ పద్మినికో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూసేవాళ్లు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు అందుకున్నాయన పేరు దేశమంతా పేపర్లో చదివింది మరి! బేరం మాట దేవుడెరుగు, కారొస్తే చాలనుకునేవారు. యిప్పుడు ఎదురు చూసేది సేల్స్‌మన్. కొత్తపేటలో పండ్ల మార్కెట్ వున్నన్నాళ్లూ (2021లో బాటసింగారానికి పోయింది లెండి) డజను బత్తాయిలకి అరగంట బేరమాడిన మన జనం, ఏసీ గదిలో కాఫీ కప్పు చేతికిస్తే చాలు, ఎనిమిది లక్షలకి కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తారు. అదేం మర్యాదో!

ముందు ఆన్‌రోడ్ ధర కాగితం మీద విడివిడిగా రాసిమ్మను. ఎక్స్‌షోరూమ్ ధర కంపెనీది. అయిదు నుంచి పది లక్షల లోపు కారుకి లైఫ్ టాక్సు 14 శాతం, అది సర్కారుది. ఆ రెండు అంకెల్నీ డీలరు దిద్దలేడు. బేరమంతా వాటి కింది వరసల్లో వుంది. ఇన్సూరెన్స్ చూడు... 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. కానీ అది షోరూమ్‌లోనే కొనాలన్న రూలు లేదు. బయట రెండు చోట్ల రేటు కనుక్కుని వెళ్లు, సేల్స్‌మన్ గొంతు మారుతుంది. హ్యాండ్లింగ్ చార్జీలంటాడా? అది ఏ పన్నూ కాదు, కొట్టెయ్యమను. సీటు కవర్లు, మ్యాట్ల "ప్యాకేజీ" అంటాడా? వద్దనే హక్కు నీదే.

యింకో డైలాగుంది. 2025 సెప్టెంబరు 22న చిన్నకార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. దాన్నే తన డిస్కౌంటుగా వినిపించే మహానుభావులున్నారు. "అది ఢిల్లీ వాళ్లిచ్చారు, మీరేమిస్తారు?" అని అడుగు.

అసలు విలన్ మాత్రం ఇంటర్వెల్ తర్వాత వస్తాడు. "నెలకి ఎంత కట్టగలరు సార్?" అని తియ్యగా అడుగుతాడు. చెప్పావో, ధర సంగతి మర్చిపోయినట్టే! ఆరు లక్షల అప్పు, 9 శాతం వడ్డీ అనుకో. అయిదేళ్లకి నెలకి 12,455. ఏడేళ్లకి 9,653. హాయిగా వుందనిపిస్తుంది కదూ? మొత్తం కలిపితే 63 వేలు పైగా ఎక్కువ కడతావు. మీ నాన్నగారు జామీను సంతకం పెట్టేముందు ఈ లెక్క ఆయనకి చూపించు.

ఎప్పుడు కొనాలంటావా? కొత్త మోడల్ మొదటి రోజు మార్నింగ్ షో లాంటిది, బ్లాకులో అమ్మేవాడు పైసా తగ్గడు. డిసెంబరు చివర్లో పాత స్టాకు నాలుగో వారం సినిమా, పిలిచి మరీ యిస్తాడు. అయితే జనవరి రాగానే ఆ బండి "పోయినేడాది బండి" అయిపోతుంది, రేపు అమ్మబోతే ధర పడిపోతుంది. అందుకని, మిగతా డబ్బు కట్టేలోగా ఛాసిస్ నంబరు అడిగి, తయారైన నెలా ఏడూ చూసుకో. పువ్వులు చుట్టి, రిబ్బను కట్టాక అడిగితే మాత్రం ఆ సేల్స్‌మన్ ఫోటో తియ్యడంలో బిజీగా వుంటాడు!