గుడ్లగూబ ఇంటిని బంజరని రాసిందెవరు?

దీపావళి దగ్గర పడుతోందంటే గుడ్లగూబలకీ, పిట్టలు పట్టి బతికే మనోళ్ళకీ ఒకేసారి గుండె దడ. పూజలకో, చేతబడికో గుడ్లగూబను కొనేవాడు పట్నంలో ఉంటాడు. దొరికేది మాత్రం వల పట్టుకున్నవాడు. ఈ వ్యాపారం మీద 2010లోనే ట్రాఫిక్ ఇండియా నివేదిక ఇచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టినా, అమ్మినా, కొన్నా నేరమే. పట్టడం తప్పే, సమర్థించను. కొన్నవాడి మీద కేసు ఎప్పుడైనా విన్నామా?

వల అక్కర్లేని చంపుడు ఇంకోటి ఉంది.

గుడ్లగూబలన్నీ చెట్టు తొర్రల్లో ఉండవు. గడ్డి గుడ్లగూబ ఎత్తైన గడ్డిని తొక్కి, నేలమీదే గుడ్లు పెడుతుంది. పొట్టిచెవుల గుడ్లగూబ చలికాలంలో ఉత్తరాది నుంచి మన దేశపు బయళ్ళకి వలస వచ్చి, పగలంతా గడ్డి మాటున నేలమీదే కూర్చుంటుంది. గడ్డి తగలబెట్టినా, దున్నినా, అందులో తోటలు వేసినా వీటికి ఇల్లు లేనట్టే. ప్రపంచం మొత్తం లెక్కలో ఇవి అంతరించే జాబితాలో లేవు. ఆ లెక్క చూసి ఊరుకుంటే మన దగ్గర ఒక్కో బయలూ ఖాళీ అయిపోతుంది.

ముక్త్యాల వైపు చూడండి. కృష్ణ ఒడ్డు, సున్నపురాయి నేల. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నందిగామ దాకా సుబాబుల్ తోటలు. మధ్యలో మిగిలిన గడ్డి, తుప్పలు రికార్డుల్లో బంజరు, పోరంబోకు. కేంద్రం వేసే బంజరు భూముల అట్లాసు కూడా తుప్ప నేలల్ని పనికిరాని నేలలనే చూపిస్తుంది. మేకలకి పనికొస్తాయి, ఉడుముకి పనికొస్తాయి, మనకీ పనికొస్తాయి. అట్లాసుకే పనికిరావు!

యానాదులు పొలం గట్ల మీద బొరియకి పొగబెట్టి ఎలుకల్ని పట్టేవాళ్ళు. రాత్రిపూట అదే పని గుడ్లగూబది. ఇప్పుడు మందు వచ్చింది. బ్రోమాడియోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబకీ ఆ విషం ఎక్కుతుంది. ఒక్క మందు పొట్లంతో ఇద్దరికీ తిండి పోయింది.

మనోళ్ళకి ఏం తెలుసు అంటారా? రాత్రి తిరిగే కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. శాస్త్రవేత్తల చేతికి దాన్ని పట్టి ఇచ్చింది స్థానిక వేటగాడే. 1988లో లంకమల అభయారణ్యం వచ్చింది. అదే ఏడు బట్టమేక పిట్ట కోసం కర్నూలు జిల్లా రోళ్ళపాడు అభయారణ్యమూ వచ్చింది. అక్కడ చుట్టూ బయళ్ళు సాగులోకి పోయాక ఆ పిట్టే మిగల్లేదు. మధ్యలో కంచె వేస్తే చాలదని అర్థమవుతోంది కదా.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 వన్యప్రాణిని కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. అయితే అది అటవీ భూమికే. రెవెన్యూ బంజరు మీద మన మాట చెల్లదు, గుడ్లగూబ ఉండేదేమో అక్కడే.

కాబట్టి జగ్గయ్యపేట, నందిగామ వైపు మిగిలిన గడ్డి భూముల సర్వే నెంబర్లు లీజుకి ఇచ్చే ముందు గ్రామసభలో చదవండి. ఒక చలికాలం రాత్రి ఆ బయళ్ళు తిరిగి చూడండి. వచ్చేటప్పుడు ఎలుకలు పట్టే మనోళ్ళని వెంటబెట్టుకోండి, కూలి కట్టి.