సుఖవ్యాధి అంట, ఎవరికి సుఖం?

మా ఆళ్లగడ్డ పల్లెల్లో ముసలోళ్లు సిఫిలిస్‌ని సవాయి అంటారు. చదువుకున్నోళ్లు సుఖవ్యాధి అంటారు. మొగుడి నుంచి ఈ రోగం అంటిన మాదిగ కూలి ఆడమనిషికి అందులో ఏ సుఖం దక్కిందో ఆ పేరు పెట్టినోళ్లే చెప్పాల.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 15-49 ఏళ్లవాళ్లలో కొత్త కేసులు పది లక్షలకు పైగా పెరిగి, 2022లో 80 లక్షలకు చేరాయి. గర్భిణికి హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్ పరీక్షా చేయాల. మంచిదే, వైద్యం అందకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు. తొలిదశలో దొరికితే బెంజథిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు ఒకసారి వేస్తే నయమైపోతుంది. మరి మొగుడి రక్తం తీసేదెవరు? ఆమెకు సూదేసి ఇంటికి పంపితే అతని నుంచి మళ్లీ అంటుకుంటుంది. చీటీలో ముందు బయటపడింది ఆమె పేరే కాబట్టి అత్తింట్లో నిందా ఆమెదే. అతనేమో కూలి పోగొట్టుకుని నంద్యాల దాకా రాడు. సాయంత్రం పూట పల్లెలోనే, ఇద్దరికీ కలిపి, గుట్టుగా పరీక్ష చేయొచ్చు కదా?

అమెరికాలో టస్కీగీ గుర్తుందా? 1932 నుంచి 1972 దాకా సర్కారు డాక్టర్లు దాదాపు 400 మంది నల్లజాతి రోగులకు, పెనిసిలిన్ వచ్చాక కూడా, వైద్యం చేయకుండా రోగం ముదిరేది చూస్తూ కూర్చున్నారు. ఇక్కడ అట్లాంటి కుట్ర ఉందని అనను. మందుండీ మనిషికి చేరకపోవడం మాత్రం నాకు కొత్తగా లేదు.

తమ్ముళ్లూ, ముందు మీరు చేయించుకోండి. నేనూ చేయించుకున్నా. రక్తం తీసినాయన వయసు అడిగినాడు, ఊరు అడిగినాడు. తర్వాత, "ఊళ్లో ఎటుపక్క?" అన్నాడు.